సంఘ పుస్తకంలో పేరు: ఒంగోలు తొలి విశ్వాసులు మనకు నేర్పే పాఠం



పోయిన నెలలో మా సంఘ సభ్యులొకరు ఇంటికి వచ్చారు. వయసులో నాకంటే పెద్దవారు. కూతురికి సంబంధం కుదిరిందనీ, అబ్బాయి తరఫు సంఘంవారు సభ్యత్వ పత్రం అడుగుతున్నారనీ చెప్పారు. నేను రిజిస్టరు తీశాను. ఆయన పేరు ఉంది, బాప్తిస్మం పొందిన తేదీ కూడా ఉంది. కానీ ఆయన ఆరాధనకు వచ్చి రెండేళ్లు దాటింది. ప్రభురాత్రి భోజనంలో పాలుపొందినవారి వరుసలో ఆ రెండేళ్లూ ఆయన పేరు లేదు.

పెన్ను పట్టుకుని కాసేపు ఆగాను. ఆయనకు అర్థమైంది. "అయ్యగారూ, నేను రాలేదు, నిజమే. నా పేరైతే పుస్తకంలో ఉంది కదా. ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ రెండేళ్లలో సంఘం నుంచి మా గడపలోకి ఎవరన్నా వచ్చారా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. పత్రం మీద సంతకం చేసి ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంఘ సభ్యుడంటే ఎవరు? పుస్తకంలో పేరున్నవాడా? ఆదివారం కుర్చీలో కూర్చునేవాడా? ఈ ప్రశ్న పట్టుకుని మన ప్రాంతపు సంఘ చరిత్రలోకి వెళ్లాను. సెమినరీలో చదివిన సంగతులే. ఈసారి మిషనరీల కోసం కాకుండా సభ్యుల కోసం చదివాను.

ఒంగోలులో ఒక కొండ ఉంది. మనవాళ్లు ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండ ఎక్కి ప్రార్థించారు. నెల్లూరు మిషను నుంచి వచ్చిన లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. సేవకుడు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది.

ప్రియులారా, మనం ఈ కథను సాధారణంగా దొరల కథగా చెప్పుకుంటాం. కానీ క్లౌ దొర రాకముందే ఆ ప్రాంతంలో పని మొదలుపెట్టిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు దాదాపు నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులంలో పుట్టి తోళ్ల వ్యాపారం చేసేవారు. చాలా ఏళ్లు గురువుల దగ్గర యోగం నేర్చుకుని, శిష్యులకు కూడా నేర్పినవారు. తోళ్ల కోసం ఉత్తరాన గోదావరి వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ బౌడెన్ నోట, తరువాత ఏలూరులో అలెగ్జాండర్ అనే మిషనరీ నోట సువార్త విన్నారు. ఒంగోలుకు కూడా ఒక మిషనరీ రాబోతున్నాడని తెలుసుకున్నారు.

మనమైతే ఏం చేసేవాళ్లం? 'మిషనరీ వచ్చాక చూద్దాం' అనుకునేవాళ్లం. పేరయ్య అలా కూర్చోలేదు. తాను విన్నంతవరకు ఇంట్లో చెప్పారు, ఊళ్లో చెప్పారు, వ్యాపారానికి వెళ్లిన చోటల్లా చెప్పారు. 1866లో జూయెట్ దొర చేత ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. మరుసటి ఏడు జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో గుడారం వేసుకునేసరికి చుట్టుపక్కల పల్లెలవారు అప్పటికే ఎదురుచూస్తున్నారు. కొన్ని రోజులకు సరిపడా తిండి మూట కట్టుకుని మరీ వచ్చారు. ఐదు రోజులు విన్నారు, ప్రశ్నలడిగారు. చివరికి 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎనిమిది మందితో మొదలైన సంఘం ఒక్క నెలలో అన్ని రెట్లు పెరిగిందంటే, దొర ఐదు రోజుల ప్రసంగం వల్ల మాత్రమే కాదు. అంతకుముందు ఒక సభ్యుడు, ఆయన ఇల్లాలు, జీతమూ బిరుదూ లేకుండా చేసిన పని వల్ల కూడా.

ఇక్కడ మన తరం మరిచిపోయిన సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో సంఘంలో చేరడం ఊరికే అయ్యే పని కాదు. చేరేవారి ముందు మూడు సంగతులు పెట్టేవారు. విగ్రహారాధన మానాలి, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు. ఇప్పుడు వింటే చిన్న సంగతుల్లా ఉంటాయి. నాటి పల్లెలో వాటి బరువు ఎంతో ఆలోచించండి. మాదిగలు రైతులకు చెప్పులు కుట్టాలి, బావుల్లో నీళ్లు తోడే తోలు బానలు బాగు చేయాలి, జాతర్లకు డప్పు కొట్టాలి, పిలిచినప్పుడు వెట్టికి పోవాలి. అందుకు ప్రతిగా కళ్లం దగ్గర మేర దొరుకుతుంది, చచ్చిన పశువు వాళ్లకు చెందుతుంది. వాళ్ల బతుకంతా ఆ ఏర్పాటు మీదే నడిచేది.

'ఆదివారం పనికి రాము, అమ్మవారి జాతరకు డప్పు కొట్టము' అని నిలబడితే ఊరి పెద్దలకు కోపం వచ్చింది. చాలా చోట్ల పని ఇవ్వడం మానేశారు, నీళ్లకు అడ్డుపడ్డారు, కావాలనే ఆదివారమే వెట్టికి పిలిచారు. చదువు లేదు, భూమి లేదు, ఆదుకునే అధికారి దూరంగా ఎక్కడో ఉన్నాడు. అయినా ఆదివారం ఆరాధన మానలేదు.

మనం ఆదివారం మానడానికి చెప్పే కారణాలు ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. మిరప కోతలు, చుట్టాలు, క్రికెట్ మ్యాచ్, వాన. నేను ఎవరినీ తక్కువ చేయడం లేదు. కూలి దొరికే రోజులు ఎన్నో నాకూ తెలుసు. కానీ మా తాతల తరం ఆదివారం కోసం కళ్లం దగ్గర గింజలు వదులుకుందని తెలిశాక, 'వీలు కాలేదు అయ్యగారూ' అనే మాట నా చెవికి వేరేలా వినిపిస్తోంది.

తరువాత 1876లో పెద్ద కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది అదే. పంటలు పోయాయి, పశువులు చచ్చాయి, మనుషులు దారుల వెంట పడిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. క్లౌ దొరకు పూర్వం సర్వే పనిలో అనుభవం ఉంది. మూడు మైళ్లకు పైగా కాలువ తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. సంఘ బోధకులే ఆ పనికి మేస్త్రీలయ్యారు. తవ్వి తవ్వి అలసిపోయి కూర్చున్నవారి పక్కన కూర్చుని, ప్రయాసపడి భారం మోసేవారిని ప్రభువు ఎలా పిలిచాడో (మత్తయి 11:28) చెప్పేవారు. ఆ మాట వాళ్లకు బాగా పట్టింది. ఆ రోజు వాళ్ల తలమీద మట్టి తట్టే ఉంది మరి.

ఆ కరువు కాలంలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. సంఘం ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరిని కూడా చేర్చుకోలేదు. గింజల కోసం వస్తున్నారో, క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలనుకున్నారు. కరువు పని ముగిసి, పంచే డబ్బు కూడా అయిపోయాక జనాన్ని ఇళ్లకు వెళ్లమన్నారు. వాళ్లు వెళ్లలేదు. మాకు సహాయం వద్దు, కష్టపడి బతుకుతాం, ఈసారి పంట పోయి చచ్చినా సరే క్రైస్తవులుగా చస్తాం అన్నారు. ఇక ఆపడానికి కారణం లేకపోయింది.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఉదయం మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా జరిగింది. గట్టుమీద జాబితా పట్టుకుని పేర్లు చదువుతుంటే, నీళ్లలో ఇద్దరిద్దరు బోధకులు నిలబడి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఆ రోజు నీళ్లలో దిగిన చేతులు తెలుగు బోధకులవి. క్లౌ దొర తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారు తొమ్మిది వేలు దాటారు.

ఈ 2,222 అనే అంకె మన సభల్లో చాలాసార్లు వింటాం, చప్పట్లు కొడతాం. ఇంతమందిని ఒకేసారి చేర్చుకోవడమేమిటని ఆ రోజుల్లో మిషనులోనే అనుమానపడ్డవారున్నారు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. పేర్లు చదవడం ఒక్క రోజు పని. ఆ పేర్లు విశ్వాసంలో నిలబడాలంటే జీవితకాలం పడుతుంది.

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో కూడా ఇదే క్రమం ఉంది. 41వ వచనంలో ఒక్క రోజున చేరిన మూడు వేలమంది లెక్క ఉంది. మనం అక్కడ ఆగిపోతాం. 42వ వచనంలో వాళ్లు ఆ తరువాత ఏం చేశారో ఉంది. బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో విడవకుండా ఉన్నారు. 41లో ఉన్నది పుస్తకంలో పేరు. 42లో ఉన్నది సభ్యత్వం.

ఒంగోలు సంఘం ఆ 42వ వచనాన్ని ఎలా బతికింది? సభ్యులు వందల పల్లెల్లో చెదిరి ఉన్నారు. ఒక్క దొర అన్ని ఊళ్లూ తిరగలేడు. పల్లెలో ఉన్న కొద్దిమంది విశ్వాసులే సాయంత్రం కూడి ప్రార్థన చేసుకున్నారు. బోధకుడు వస్తే తమకున్నదాంట్లో అన్నం పెట్టారు. బోధకులు కాలినడకన పల్లె పల్లె తిరిగి, మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడుకుని, ఏ ఊళ్లో ఎవరు ఎలా ఉన్నారో ఒకరికొకరు చెప్పుకునేవారు. ఎవరు బలహీనపడ్డారు, ఎవరిని ఊరివారు బాధపెడుతున్నారు, ఎవరింట్లో చావు జరిగింది, ఇవన్నీ అక్కడ మాటల్లోకి, ప్రార్థనల్లోకి వచ్చేవి. వెల్లంపల్లి ఏటి గట్టున చదివిన పేర్లు అక్కడితో మూసేసిన పేర్లు కావు.

ఇదంతా చదివాక మా ఇంటికి వచ్చిన పెద్దాయన అడిగిన ప్రశ్న నాకు ఇంకా బరువైంది. ఆయన తప్పు ఆయనకుంది. రెండేళ్లు ప్రభువు బల్లకు దూరంగా ఉండి, పత్రం కావలసినప్పుడు మాత్రమే సంఘాన్ని తలుచుకోవడం సభ్యత్వం కాదు. ఆ మాట ఆయనతో ప్రేమగానే చెప్పాలి, చెప్పాను కూడా. కానీ మా తప్పు మాకుంది. కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటికి రెండేళ్లలో ఒక్కరం వెళ్లలేదు. నాకు మోటారు సైకిలు ఉంది. ఆ బోధకులకు కాళ్లు మాత్రమే ఉన్నాయి.

అందుకే పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక రిజిస్టరు బల్లమీద పెట్టి, ఆరు నెలలుగా కనిపించని పేర్లు సంఘ పెద్దలతో, స్త్రీల సమాజం వారితో కలిసి చదివాను. పందొమ్మిది పేర్లు వచ్చాయి. కొట్టివేయడానికి చదవలేదు, పంచుకోవడానికి చదివాను. 'ఈ ఇల్లు నాది' అని ఒక్కొక్కరు ఒక్కో పేరు తీసుకున్నారు. బడికి వెళ్లే ఒక అమ్మాయి లేచి, 'ఈమె మా అమ్మమ్మ స్నేహితురాలు అయ్యగారూ, నేను వెళ్తాను' అంది. పెద్దాయన ఇల్లు నేను తీసుకున్నాను. ఆయన కూతురి పెళ్లికి సంఘంగా వెళ్తాం, పెళ్లయ్యాక కూడా వెళ్తాం. ఆయన తిరిగి ఆరాధనకు వస్తారో రారో నాకు తెలియదు. వెళ్లడం మాత్రం మా పని.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇది చదువుతున్న మీ పేరు కూడా ఎక్కడో ఒక సంఘ పుస్తకంలో ఉంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఊళ్లో సభ్యత్వం ఉంచుకున్నవారు ఉంటారు. గల్ఫ్‌లో ఉండి నెలనెలా కానుక పంపేవారు ఉంటారు. ఊళ్లోనే ఉండి చర్చి గేటు ముందు నుంచి రోజూ వెళ్లిపోయేవారు కూడా ఉంటారు. పేరయ్యకు సంఘం లేనప్పుడే ఆయన సభ్యుడిలా బతికారు. మనకు సంఘం ఉంది, కాపరి ఉన్నాడు, చేతిలో బైబిలు ఉంది, ఆపేవారు ఎవరూ లేరు. ఈ వారం మీ సంఘంలో కనిపించని ఒక్కరి పేరు జ్ఞాపకం చేసుకోండి. ఆదివారం దాకా ఆగవద్దు, పాస్టరుగారు చెప్పాలని చూడవద్దు. వాళ్లింటికి వెళ్లండి. దూరంగా ఉంటే ఫోను చేసి, వాళ్లతో కలిసి ప్రార్థన చేయండి.

మన పితరులు గింజలు వదులుకుని నిలబెట్టిన సంఘంలో మనల్ని నమ్మకమైన సభ్యులుగా ప్రభువు నిలుపును గాక. ఆమేన్.