జకార్తాలో ఒక బడిపంతులు

మన బడి మైదానంలో నేనేమంత ఆటగాణ్ణి కాను. పరుగు తక్కువ. తొమ్మిదో తరగతిలో ఉండగా డ్రిల్లు మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "కాళ్లు సాగకపోతేనేం, చేతులు పొడుగే కదరా!" అంటూ గోల్ ముందు నిలబెట్టారు. మ్యాచ్ ఓడిపోయిన ప్రతిసారీ ఆయన మాకు ఒకే కథ చెప్పేవారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే నాకు అదే గుర్తొచ్చింది.

అది సయ్యద్ అబ్దుల్ రహీం కథ. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అయితే ఆయనలోని పంతులు బాగా కనిపించేది 1962లో, జకార్తా ఆసియా క్రీడల్లో.

అక్కడ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచాం గానీ, డిఫెన్సుకు ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరాం. ఆ గాయంతో వెనక ఆడితే ఎత్తుగా వచ్చే బంతులన్నీ తలతోనే ఆపాలి. అలాగని రహీం అతన్ని బెంచీకి పరిమితం చేయలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ కొట్టాడు. 3-2తో గెలిచాం.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టడంతో, అక్కడి జనమంతా మన మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా హేళనలే. గోల్ దగ్గర ప్రద్యుత్ బర్మన్ స్థానంలో, జ్వరం నుంచి తేరుకున్న పొడగరి పీటర్ తంగరాజ్‌ను రహీం నిలబెట్టారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒక గోల్ తిరిగిచ్చినా 2-1తో స్వర్ణం మనదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు.

నేనూ పంతులునే అయ్యాను. ఒక ఏడాది జోనల్ పోటీల్లో తేలికైన బంతి వదిలేసిన కుర్రాణ్ణి అందరి ముందూ "నువ్వు పనికిరావు" అన్నాను. వాడు మళ్లీ మైదానంలోకి అడుగుపెట్టలేదు. తలకు కుట్లు పడ్డవాడికి కూడా జట్టులో చోటు వెతికిన పంతులు కథ అన్నిసార్లు విని కూడా, ఆ రోజు నాకు అది గుర్తు రాలేదు.

ఈ ఉత్సవంలో మన మైదానంలో పాత, కొత్త విద్యార్థుల మ్యాచ్ పెడుతున్నారట. గోల్ ముందు ఎవరు నిలబడ్డా సరే, ఒక గోల్ పడితే ముందుగా వెళ్లి భుజం తట్టేవాణ్ణి నేనే అవుతాను.