రామప్ప శిఖరంలో తేలిక రహస్యం

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లినవాళ్లు మదనికా శిల్పాల ముందు నిలబడి ఫొటోలు దిగి వచ్చేస్తారు. గర్భగుడి మీది ఇటుకల శిఖరం వైపు కూడా ఓసారి తలెత్తి చూడాలి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి అసలు గట్టితనం అక్కడే ఉంది.

ఆ ఇటుక ముక్కను బకెట్ నీళ్లలో వేస్తే మునగదు, తేలుతుంది. లోపలంతా సన్నసన్నని రంధ్రాలు. ఘనమీటరు నీళ్లు 1,000 కిలోలు తూగితే, ఈ ఇటుక అంతకన్నా తక్కువే తూగుతుంది. మామూలు ఇటుక గోడైతే ఘనమీటరుకు 1,900 కిలోల దాకా ఉంటుంది. అంటే శిఖరం బరువు దాదాపు సగానికి తగ్గిపోయిందన్నమాట.

పైన పెట్టిన ప్రతి కిలోనూ దూలం, స్తంభం, పునాది వరసగా మోయాలి. భూమి కంపించినప్పుడు కట్టడాన్ని పక్కకు ఊపే బలమూ దాని బరువును బట్టే పెరుగుతుంది. అందుకే రుద్రుడి స్థపతులు మోసేచోట నల్లరాతి స్తంభాలు నిలిపి, మోయించేచోట తేలిక ఇటుక వాడారు. అడుగున ఇసుక పునాది పరిచారు. మండపంలో నేల అక్కడక్కడా కుంగినా శిఖరం నిలిచే ఉంది. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కట్టడం తన మీద తాను మోసుకునే ఈ బరువునే ఇంజినీర్లు డెడ్ లోడ్ అంటారు. మనుషులు, సామాన్లు వస్తారు, పోతారు. ఇది మాత్రం కట్టిన రోజు నుంచి కూలే రోజు దాకా ఉంటుంది. ఏ సామగ్రి ఎంత తూగుతుందో భారత ప్రమాణం ఐఎస్ 875 మొదటి భాగంలో పట్టికలుగా ఉంది. ఇనుము వేసిన కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 2,500 కిలోలు. ఆ లెక్కన అయిదంగుళాల స్లాబు చదరపు అడుగుకు 29 కిలోలు, వెయ్యి చదరపు అడుగులకు 29 టన్నులు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న తొమ్మిదంగుళాల గోడ ఒక్కటే నాలుగు టన్నులు.

మిద్దెతోట కోసం స్లాబంతా అడుగు మందాన మట్టి పోస్తే, తడిసినప్పుడు చదరపు అడుగుకు 50 కిలోల దాకా పడుతుంది. స్లాబు సొంత బరువుకన్నా అది ఎక్కువ! కాబట్టి మట్టి ఎత్తించే ముందు, పైన ఇంకో అంతస్తు లేపే ముందు, ఇంజినీరు చేత లెక్క కట్టించండి. మేస్త్రీ ధైర్యం చెప్పాడని ఊరుకోకండి.