ఆరోగ్యవరము నుండి అప్పాపురము దాకా

రేడియో గల ఇండ్లలో ‘మిస్సమ్మ’ పాటలు ఎరుగని ఇల్లుండదు. ఆ పాటలు వచ్చు వేళ వంటింట పని కొంచెము నెమ్మదించును. వరండాలో పత్రిక చదువువారు తల యెత్తుదురు. ఆ చిత్రము 1955 జనవరి 12వ తేదీన విడుదలయినది. ఇన్ని దశాబ్దములు గడచినను దాని నవ్వు వాడలేదు. ఆ నవ్వు ఎక్కడ పుట్టినది, ఏ దారిన మన ముంగిటికి వచ్చినది అను ముచ్చటను ఈనాడు శ్రోతల ముందుంచదలచినాము. ఆ దారిలో ఒక మజిలీ మన సీమలోనే, నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె చెంత, ఉన్నది.

ముందుగా ఈ జాతి హాస్యమునకు పేరు పెట్టిన దేశమునకు పోయివత్తము. బేస్‌బాల్ ఆటలో ఆటగాడు ఊహించిన వైపునకు కాక ఎదురు వైపునకు తిరుగు బంతి యొకటి కలదు. దానిని ‘స్క్రూబాల్’ అందురు. 1930ల నాటి హాలీవుడ్ ప్రణయహాస్య చిత్రములకు ఆ పేరే స్థిరపడినది. అది సుఖముగా ఉన్న కాలము కాదు. 1929లో అమెరికా వాణిజ్యము కుప్పకూలినది. 1933 నాటికి పనిచేయగలవారిలో సుమారు నాలుగవ వంతు మందికి పని లేదు. ఆ మరుసటి యేడు ఫ్రాంక్ కాప్రా దర్శకత్వమున ‘ఇట్ హాపెండ్ వన్ నైట్’ అను చిత్రము వచ్చినది. తండ్రి పై అలిగి పారిపోయిన కోటీశ్వరుని కూతురు, కొలువు పోయిన పత్రికా విలేఖరి ఒకే బస్సులో తారసపడినారు. చేత డబ్బు చాలక, దారి ప్రక్క బసలో భార్యాభర్తలమని చెప్పి ఒకే గది తీసుకొన్నారు. నడుమ త్రాడు కట్టి దుప్పటి వ్రేలాడదీసినారు. బైబిలులోని జెరికో కోటగోడ పేరే ఆ విలేఖరి దానికి పెట్టినాడు. వారికి నిజముగా పెండ్లి అయిన పిదపనే ఆ దుప్పటి క్రిందపడినది. ఆ చిత్రమునకు అకాడమీ బహుమానములలో ప్రధానమైనవి ఐదును లభించినవి.

ఇదే ఈ హాస్యము యొక్క కీలకము: అవసరము ఇద్దరను ఒక బొంకులో బంధించును, ఆ బొంకు చాటున వారు కలహించుకొందురు, కలహము ముదిరి ప్రేమ యగును. 1934 మధ్య నుండి హాలీవుడ్ నీతినియమావళి గట్టిగా అమలయినందున, నాయికానాయకుల ఆకర్షణను మాటల పోట్లాటలోనే చూపవలసి వచ్చినది. ఆ కట్టుబాటు కూడ ఈ హాస్యమునకు పదును పెట్టినది.

అదే దశాబ్దమున వంగదేశములోను ఇట్టి కథ యొకటి నవ్వించుచుండెను. రవీంద్రనాథ మైత్ర రచించిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అను నాటకము 1935లో చలనచిత్రముగా కూడ వచ్చినది. ఉద్యోగము కొరకు ఇద్దరు దంపతులుగా నటించుటయే అందలి ఇతివృత్తము. ఒకరిని చూచి ఒకరు వ్రాసినారని మేము అనుట లేదు. చదువుకొన్నవాడు పనికై తిరుగు కాలమున న్యూయార్కులోను కలకత్తాలోను ఒకే తీరు బొంకు పుట్టుట వింత కాదు.

ఆ వంగకథ మనకు చేరుటకు మదనపల్లె తోడ్పడినది. 1912లో క్రైస్తవ మిషనులు కలసి క్షయరోగులకై స్థాపించిన శానిటోరియము అచట ఆరోగ్యవరమున కలదు. దాని తొలి అధిపతి డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రీమట్-మోలర్. సముద్రమట్టమునకు సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉండు ఆ ప్రాంతపు చల్లని గాలి, మంచి ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవియే నాటి చికిత్స. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గాని రాలేదు. 1932 ప్రాంతమున తెనాలికి చెందిన ఆలూరి వెంకటసుబ్బారావు అను యువకుడు ఆ రోగముతో అచటికి వచ్చినారు. మంచము పట్టి ఉన్న ఆ కాలమును వారు వ్యర్థము చేయలేదు, వంగభాష నేర్చినారు. వారే పిదప ‘చక్రపాణి’ యను పేరున శరత్‌చంద్రుని నవలలను తెలుగు చేసినారు. శరత్తు తెలుగువాడే యని పాఠకులు భ్రమపడినారని చెప్పుకొనునంత తేట తెలుగు వారిది. మదనపల్లెకు వంగముతో చుట్టరికము అంతకు ముందే యున్నది: రవీంద్రనాథ ఠాగూరు 1919లో ఇచటనే తమ ‘జనగణమన’ను ఆంగ్లములోనికి మార్చినారు.

కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డితో కలసి చక్రపాణి విజయా సంస్థను నడపినారు. మైత్ర నాటకమును, శరదిందు బందోపాధ్యాయుని ‘డిటెక్టివ్’ కథను ఒకటిగా అల్లి ‘మిస్సమ్మ’ను రచించినారు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతము సాలూరి రాజేశ్వరరావు, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లే. అప్పాపురము జమీందారు తన బడికి పట్టభద్రులైన దంపతులు కావలెనని ప్రకటించినాడు. ఎన్.టి. రామారావు ధరించిన యం.టి. రావు పాత్రకు పని లేదు. సావిత్రి ధరించిన మేరీకి ఇంటి బాకీ 400 రూపాయలు మెడపై నున్నది. బాకీ ఇచ్చిన డేవిడ్ ఆమెను పెండ్లాడవలెనని పట్టుపట్టినాడు. ఇక దారి లేక ఇద్దరును దంపతులమని చెప్పి కొలువులో చేరినారు.

ఈ 400 రూపాయలను మరువరాదని మా మనవి. మేరీ కోపము, విసురు, మాటిమాటికి ప్రయాణము కట్టుట చూచి మనము నవ్వుదుము. కాని ఆమె వెళ్లిపోలేదు, వెళ్లలేదు. ఆ అప్పు లేనిచో కథ మొదటి దినముననే ముగిసియుండెడిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. సీమలోనే ఆ విశ్వవిద్యాలయము వెలసిన కొలది నెలలకే, బి.ఏ. అయియు పని దొరకని ఇరువురి కథ తెరపైకి వచ్చినది. అందుచే ఆ నవ్వు తేలిక నవ్వు కాదు. ఇంటింటి బెంగను ఎరిగిన నవ్వు.

మరి ఇచట జెరికో గోడ ఏది? దుప్పటి కాదు, మతము. మేరీ క్రైస్తవురాలు, రావు హిందువు. అప్పాపురపు ఇంటి ఆచారములు ఆమెకు ఇక్కట్టు. ఆ గోడకు ఇరువైపుల ఉన్న ఇద్దరిని చిత్రము మర్యాదగా చూపినది, ఎవరి విశ్వాసమును పరిహసింపలేదు. కాని కడపట గోడను కూల్చినది ప్రేమ కాదు, పాదము పై పుట్టుమచ్చ. అక్కినేని నాగేశ్వరరావు ధరించిన అపరాధ పరిశోధకుడు రాజు, మేరీయే జమీందారుగారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి యని కనిపెట్టినాడు. దానితో చిక్కు విడిపోయినది. మేరీ మేరీగానే యుండి రావును పెండ్లాడుటకు కథ సాహసింపలేదు. దీనిని లోపమనియే మేము తలచుచున్నాము. నాటి ప్రేక్షకులు ఎంతవరకు నడచి వత్తురో చక్రపాణికి బాగుగ తెలియుననియు తలచుచున్నాము. అయినను ఒక మాట గమనింపదగును: రావు పై మేరీ మనస్సు మారుట, సీతను చూచి అసూయపడుట, ఇవి ఆ మచ్చ బయటపడక ముందే జరిగినవి. అనగా గోడ అప్పటికే బీటలు వారినది.

తెలుగు, తమిళములు ఇరుగుపొరుగుగా వినిపించు చిత్తూరు సీమకు ఈ చిత్రము రెండు భాషలలోను దక్కినది. తెలుగు చిత్రము విడుదలైన రెండు దినములకే తమిళ ‘మిస్సియమ్మ’ వచ్చినది. అందు సావిత్రికి జంట జెమినీ గణేశన్. 1957లో ప్రసాద్ దర్శకత్వముననే హిందీ ‘మిస్ మేరీ’ మీనాకుమారితో వెలువడినది. వంగములో పుట్టిన కథ దక్షిణము చుట్టి ఉత్తరమునకు తిరిగి చేరినది.

ఇకపై ‘మిస్సమ్మ’ పాట మీ యింట వినవచ్చినప్పుడు, మదనపల్లె శానిటోరియములో మంచముపై కూర్చుండి వంగాక్షరములు దిద్దుకొనిన ఆ యువకుని ఒకసారి తలచుకొనుడు. తన ఊపిరి తనకు దక్కునో దక్కదో యని ఎదురుచూచిన మనిషి మన కిచ్చినది కన్నీరు కాదు, నవ్వు.