గుట్ట కింద నీరు

సంచౌంగ్ నుంచి మాట్లాడుతున్నాను. మా వీధి మలుపు తిరిగితే ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరం కనిపిస్తుంది. కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ చేరిన మన పెద్దలకు, నదిలోంచే కనిపించిన శిఖరమది.

ఆ గుట్ట దగ్గర, డగాన్ టౌన్‌షిప్‌లోని సైన్యం స్థలాల్లో, ఐదు పెద్ద నిర్మాణాలు తలపెట్టారు. ఎత్తు మేడలు పగోడాను మరుగుపరుస్తాయని చాలామంది బాధపడ్డారు. అంతకన్నా పెద్ద భయం నేల కింద ఉంది. లోతుగా తవ్వితే గుంటలోకి ఊటనీరు వస్తుంది, దాన్ని తోడెయ్యాలి. భూగర్భజలం దిగిపోతే చుట్టుపక్కల నేల కుంగవచ్చు.

ఈ నష్టం తగ్గించే దారులు లేకపోలేదు. తవ్వే లోతు తగ్గించాలి. గుంట చుట్టూ నీరు చొరని గోడ కట్టాలి. తోడిన నీటిని మళ్ళీ నేలలోకి పంపాలి. చుట్టూ బావులు వేసి నీటిమట్టం కొలుస్తుండాలి. ఇవన్నీ తవ్వకముందే తేలాలి.

భిక్షువులు, చరిత్రకారులు, పౌరులు అభ్యంతరం చెప్పారు. 2015 జనవరిలో పనులు ఆగాయి, జూలైలో ప్రాజెక్టులే రద్దయ్యాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం 2012లోనే వచ్చింది. ప్రభావాన్ని ఎలా అంచనా వెయ్యాలో చెప్పే నిబంధనలు మాత్రం 2015 డిసెంబరులో వచ్చాయి, అంతా ముగిశాక.

పగోడా కాబట్టి ఊరు కదిలింది. మా ఇంటి గోడ పక్కన గుంట తవ్వితే ఏ ఊరు కదులుతుంది? నిబంధనలు కావలసింది మాలాంటి గోడలకే.