ఎడ్ల బండి ఇరుసు నుంచి డిఫ్ లాక్ దాకా: మన బురద నేర్పిన చరిత్ర



మా పెదనాన్న మనవడు మొన్న ఫోన్ చేసి, "బాబాయ్, సెకండ్ హ్యాండ్ జీపు ఒకటి చూశా. ఏడాదిలో పది పదిహేను రోజులు డొంకలోకి, కాలవ గట్టు మీదకి వెళ్ళాలి, మిగతా రోజులు బెజవాడ రోడ్డే. లాక్ ఉన్న డిఫరెన్షియల్ తీసుకోనా, లిమిటెడ్ స్లిప్ వేయించనా?" అని అడిగాడు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. దీని వెనక పెద్ద కథే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు మన నేల సంగతి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, డెల్టా మాగాణి అయింది. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీళ్ళతో పాటు మనకి దక్కింది బురద కూడా. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. అందుకే ఆ రోజుల్లో ధాన్యం చాలావరకు పడవల మీద కాలవల్లోనే బెజవాడ, బందరు చేరేది. చేలోంచి గట్టు దాకా మాత్రం ఎడ్ల బండే గతి.

ఎడ్ల బండికి ఈ డిఫరెన్షియల్ గొడవే లేదు. ఇరుసు కదలదు, చక్రాలు రెండూ దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది, లోపలిది తక్కువ పోతుంది. లాగేది ఎడ్లు కాబట్టి చక్రానికి పట్టు లేకపోయినా ఫరవాలేదు, ఎడ్ల గిట్టలకి పట్టుంటే చాలు.

ఇంజను వచ్చాక చిక్కొచ్చింది. ఇప్పుడు లాగాల్సింది చక్రమే. రెండు చక్రాల్నీ ఒకే ఇరుసుకి బిగిస్తే మలుపులో ఒకటి ఈడ్చుకుపోతుంది, టైరు అరుగుతుంది, ఇరుసు మెలిపడుతుంది. దీనికి 1820ల చివర్లో ఫ్రాన్సులో పెక్కర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఒక పళ్ళ చక్రాల అమరిక కనిపెట్టాడు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ సమానంగా పంచుతూ, వేగం మాత్రం దేనికి కావలసింది దానికి వదిలేస్తుంది. మన మెకానిక్కులు 'హౌసింగ్' విప్పి చూపించేది ఈనాటికీ ఆ ఏర్పాటే.

ఆ 'సమానంగా' అన్న మాటలోనే మన కష్టమంతా ఉంది. ఒక చక్రం గట్టి నేల మీద, ఇంకోటి బురదలో ఉందనుకోండి. బురదలో చక్రాన్ని తిప్పడానికి పది పాళ్ళ బలం చాలు. అప్పుడు గట్టి నేల మీదున్న దానికీ ఆ పది పాళ్ళే అందుతుంది. దాంతో బండి కదలదు. ఒకటి గిర్రున తిరుగుతుంది, రెండోది కొయ్యలా నిలబడుతుంది.

1959లో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు బయటికొచ్చింది. 1960లో మద్రాసులో టాఫే పెట్టారు, 1963లో మహీంద్రా వాళ్ళు ఇంటర్నేషనల్ తో కలిసి ట్రాక్టర్లలోకి దిగారు. ఆ తర్వాత మెల్లగా మన చేలల్లోకి దమ్ము ట్రాక్టర్లు దిగాయి, కేజీవీల్స్ వచ్చాయి. చక్రం తిరిగి బండి కదలకపోతే మనవాళ్ళు చేసిన ఉపాయం మీకు తెలుసు. ట్రాక్టరుకి ఎడమ బ్రేకు, కుడి బ్రేకు వేరు కదా. తిరిగిపోతున్న చక్రం వైపు బ్రేకు మెల్లగా తొక్కితే బలం రెండోదానికి పోతుంది. ఈనాటి ఖరీదైన కొన్ని కార్లలో కంప్యూటర్ చేసేది కూడా ఈ పనే, జారుతున్న చక్రానికి దానంతటదే బ్రేకు వేస్తుంది.

ట్రాక్టరులో మడమ కింద ఉండే చిన్న పెడలే డిఫ్ లాక్. తొక్కితే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించినట్టు అయిపోతాయి. దాన్ని దిగబడక ముందే తొక్కాలి. క్లచ్ తొక్కి, చక్రం ఆగాక వెయ్యాలి. గిర్రున తిరుగుతున్నప్పుడు వేస్తే పళ్ళు విరుగుతాయి. వేసి ఉండగా మలుపు తిప్పకూడదు. రోడ్డు మీద అసలే వద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. నా చిన్నప్పుడు మా ఊరి చేలో ట్రాక్టరు రెండు చక్రాలూ దిగబడ్డాయి. చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి గేరేశారు. చక్రం తిరగలేదు, దాంతో ఇంజను బలమంతా బండినే ఇరుసు చుట్టూ తిప్పింది. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. తోలేవాడు క్లచ్ తొక్కబట్టి బతికాడు. బండి వెనక్కి పడటానికి రెండు క్షణాలు కూడా పట్టదు. డిఫ్ లాక్ ఒక చక్రం జారితే పనికొస్తుంది, రెండూ దిగబడితే దానివల్ల కాదు. అప్పుడు మట్టి తవ్వండి, లేదా ఇంకో ట్రాక్టరు పిలవండి. దుంగ మాత్రం కట్టొద్దు.

ఇక జీపు సంగతి. మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపులు ఇక్కడ బిగించడం మొదలెట్టారు. నాలుగు చక్రాలకీ బలం ఉంది కదా, ఎక్కడా ఆగదు అనుకునేవాళ్ళం. ముందు ఒకటి, వెనక ఒకటి బురదలో జారితే అదీ ఆగిపోతుంది, ఎందుకంటే రెండు ఇరుసుల్లోనూ మామూలు డిఫరెన్షియలే. ఫోర్ వీల్ డ్రైవ్ వేరు, లాక్ వేరు.

లిమిటెడ్ స్లిప్ పుట్టింది మాత్రం బురదలో కాదు. 1930ల్లో జర్మనీలో ఆటో యూనియన్ రేసు కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం ఊరికే తిరిగిపోయేది. పోర్షే వాళ్ళు అడిగితే జడ్‌ఎఫ్ కంపెనీ చేసిచ్చింది. లోపల క్లచ్ ప్లేట్లు ఉంటాయి, ఒక చక్రం మరీ జారితే రాపిడితో పట్టుకుని కొంత బలం రెండోదానికి ఇస్తాయి. గేర్లతో చేసే రకం కూడా ఉంది. తడి తారు రోడ్డు మీద, గులకరాళ్ళ మీద చాలా నిమ్మళంగా పనిచేస్తుంది. కానీ ఒక చక్రం పూర్తిగా గాల్లో ఉంటే దాదాపు చేతులెత్తేస్తుంది. ప్లేట్ల రకమైతే కాలక్రమేణా అరుగుతుంది, దానికి వేరే ఆయిల్ కావాలి.

మూడో రకం దానంతటదే లాకయ్యేది. థార్ లో కొన్ని మోడళ్ళకి వచ్చే ఈటన్ వాళ్ళది ఇదే. రెండు చక్రాల వేగం మధ్య తేడా నిమిషానికి సుమారు వంద చుట్లు దాటితే టక్కున పట్టేస్తుంది. బండి వేగం పెరిగాక పట్టదు. మీట లేదు, మర్చిపోయే భయమూ లేదు.

మరి మా అబ్బాయికి ఏం చెప్పాను?

మొదట టైర్లు. అరిగిన టైరుకి ఏ లాకూ పట్టు తేలేదు. తర్వాత, రోడ్డు ఎక్కువ, డొంక తక్కువ అయితే మీట నొక్కితేనే పడే లాక్ మంచిది. మిగతా రోజులన్నీ అది మామూలు డిఫరెన్షియలే. అది దొరక్కపోతే కంపెనీ నుంచే దానంతటదే పడే లాక్ ఉన్న బండి చూసుకో. వేసవిలో, కోతల తర్వాత ఎండిన డొంకల్లో తిరగడమే అయితే లిమిటెడ్ స్లిప్ సరిపోతుంది, జూలై బురదకి దాన్ని నమ్ముకోవద్దు. 'డిఫరెన్షియల్ కి వెల్డింగ్ కొడితే వెయ్యి రూపాయల్లో లాక్ అయిపోద్ది' అని ఎవరైనా అంటే వినొద్దు. తారు రోడ్డు మీద ప్రతి మలుపుకీ టైరూ ఇరుసూ మూల్యం చెల్లిస్తాయి.

కాలవ గట్టు మీద ఇంకా జాగ్రత్త. తడిసిన గట్టు పక్కకి వాలుగా ఉంటుంది. లాక్ లేనప్పుడు ఒక చక్రం జారినా రెండోది బండిని పట్టుకుని ఉంటుంది. లాక్ పడితే రెండూ కలిసి జారి, వెనకభాగం కాలవ వైపు దిగుతుంది. అలాంటి చోట లాక్ తీసేసి, మెల్లగా, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి పోవాలి. అనుమానం ఉంటే ఆ చివరి ఫర్లాంగు నడిచే పోండి.

మన తాతలు గట్టు తడిగా ఉంటే బండి కట్టేవాళ్ళు కాదు. డిఫ్ లాక్ వచ్చినా ఆ లెక్క మారలేదు. బండి ఎక్కడిదాకా పోతుందో లాక్ చెబుతుంది, ఎక్కడ ఆపాలో మనమే చూసుకోవాలి.