చెత్తగుట్టల మీథేన్, కార్బన్ క్రెడిట్లు: మోండా మార్కెట్ నుంచి జవహర్‌నగర్ దాకా

చెత్తగుట్టల లోపల పుట్టే మీథేన్ వాయువును గాలిలో కలవనీయకుండా పట్టి, మండించి లేదా ఇంధనంగా వాడి, అలా తగ్గించిన కాలుష్యానికి బదులుగా క్రెడిట్లు పొందే పద్ధతి ఇది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలను తగ్గిస్తే ఒక క్రెడిట్ వస్తుంది. మీథేన్ విషయంలో ఈ లెక్క బాగా పెద్దది. నూరేళ్ల వ్యవధిలో చూస్తే టన్ను మీథేన్ దాదాపు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడిని పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్లకే చూస్తే ఆ అంకె 80 దాటుతుంది. హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లో ఈ కథ కూరగాయల మార్కెట్లలో మొదలై మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా సాగుతుంది.

మార్కెట్ చెత్త, గ్యాసు

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఉన్న మోండా మార్కెట్ కంటోన్మెంట్ కాలం నాటిది, నూరేళ్లకు పైబడినది. కూరగాయల టోకు వ్యాపారం ఇక్కడి నుంచి బోయినపల్లి మార్కెట్ యార్డుకు తరలిపోయినా ఆకుకూరలు, పండ్లు, పూలు, కొబ్బరికాయలు, మాంసం అమ్మే చిల్లర దుకాణాలతో మోండా ఈనాటికీ కిటకిటలాడుతుంది. ఇలాంటి మార్కెట్లో సాయంత్రానికి మిగిలేదంతా తడి చెత్తే: వాడిన కొత్తిమీర, కుళ్లిన టమాటా, క్యాబేజీ పై రేకులు, అరటి గెలల కాడలు. పల్చగా పరిచి గాలి తగలనిస్తే ఇదంతా ఎరువవుతుంది. ప్లాస్టిక్‌తో కలిపి లారీలో నొక్కి గుట్టలో పూడిస్తే ప్రాణవాయువు అందదు. అక్కడ బతకగలిగిన సూక్ష్మజీవులు దాన్ని జీర్ణం చేసుకుని మీథేన్, కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తాయి. గుట్టలోంచి వచ్చే వాయువులో సుమారు సగం మీథేనే. పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదీ ఇదే. కాకపోతే గుట్టకు మూత ఉండదు, గొట్టం ఉండదు.

గుట్ట ఎంత లోతుగా ఉంటే మీథేన్ అంత ఎక్కువ పుడుతుంది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ లెక్కల్లో అయిదు మీటర్ల లోపు లోతున్న చెత్తకుప్పకు 0.4 గుణకం, అంతకు మించి లోతుగా ఉండి నిర్వహణ లేని గుట్టకు 0.8, పూర్తిగా నొక్కి కప్పిన ల్యాండ్‌ఫిల్‌కు 1 గుణకం వాడతారు. ఆహార వ్యర్థాలకు ఆ సంస్థ ఇచ్చిన సాధారణ గుణకాలనే తీసుకుంటే, టన్ను తడి చెత్త లోతైన గుట్టలో కుళ్లినప్పుడు సుమారు 40 కిలోల మీథేన్ పుడుతుంది. అంటే దాదాపు ఒక కార్బన్ క్రెడిట్‌తో సమానం. మన వేడికి, తేమకు ఈ కుళ్లడం చల్లటి దేశాల్లో కన్నా చాలా త్వరగా జరిగిపోతుంది. గ్యాసు బావులు తవ్వేసరికే అందులో పెద్ద భాగం గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఇక్కడి ప్రాజెక్టుల చరిత్రను ఎక్కువగా నడిపింది ఈ ఒక్క విషయమే.

క్యోటో నుంచి గోరాయ్ వరకు

1997 నాటి క్యోటో ఒప్పందంలో స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం, అంటే సీడీఎం, ఒక భాగం. వర్ధమాన దేశాల్లో ఉద్గారాలు తగ్గించే ప్రాజెక్టుల నుంచి సంపన్న దేశాలు క్రెడిట్లు కొనుక్కునే వీలు దీనితో కలిగింది. భారత్ 2002లో క్యోటో ఒప్పందంలో చేరింది. ఒప్పందం 2005 ఫిబ్రవరి 16న అమల్లోకి వచ్చింది. అంతకుముందే, 2004 నవంబరులో, ఈ పద్ధతి కింద ప్రపంచంలో తొట్టతొలిగా నమోదైనది చెత్తగుట్ట గ్యాసు ప్రాజెక్టే: బ్రెజిల్‌లో రియో డి జనీరో దగ్గరి నోవాజెరార్. గుట్టను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి, చిల్లుల గొట్టాలు దించి, బ్లోయర్‌తో గ్యాసును లాగి మండించడమే అందులోని పని. ఎంత గ్యాసు వచ్చింది, అందులో మీథేన్ ఎంత, మంటలో ఎంత కాలింది అన్నవి మీటర్లు చెప్పేస్తాయి. లెక్క ఇంత తేటగా తేలే ప్రాజెక్టులు తక్కువ కాబట్టే కొనేవాళ్లు వీటిని ఇష్టపడ్డారు.

భారత్‌లో ఈ దారిన నడిచిన వాటిలో ముంబయిలోని గోరాయ్ ముందు చెప్పుకోదగ్గది. నగరపాలక సంస్థ ఆ డంపును మూసి, కప్పి, గ్యాసు బావులు దించింది. రాబోయే క్రెడిట్ల మీద ఆసియా అభివృద్ధి బ్యాంకు ముందుగానే డబ్బిచ్చింది. తీరా చూస్తే అనుకున్నంత గ్యాసు రాలేదు.

తెలుగు నేల మీద తొలి ప్రయత్నాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రెడిట్ల ప్రయత్నం మరో దారి తొక్కింది. గుట్టలోంచి గ్యాసు తీయడం కాకుండా, చెత్తను గుట్టకే చేరనీయకుండా ఎండబెట్టి ఇంధనంగా మండించి కరెంటు తీయడం ఆ దారి. షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో సెల్కో సంస్థ పెట్టిన 6.6 మెగావాట్ల కేంద్రానికి హైదరాబాద్ చెత్తే ముడిసరుకు. శ్రీరామ్ ఎనర్జీ సిస్టమ్స్ విజయవాడ, గుంటూరు నగరాల చెత్తతో నడిపిన 6 మెగావాట్ల కేంద్రం సీడీఎం కింద నమోదైంది కూడా. ఈ చెత్త డంపులో పడి ఉంటే ఇంత మీథేన్ పుట్టేది, మేము పుట్టనీయలేదు కాబట్టి ఇన్ని క్రెడిట్లు అన్నది అక్కడి వాదన. కాగితం మీద అందులో తప్పు లేదు. కానీ మన చెత్తలో సగం దాకా తడి, దాన్ని మండించాలంటే ముందు ఆరబెట్టాలి. ఈ రెండు కేంద్రాలూ ఎక్కువ కాలం నిలవలేదు, మూతపడ్డాయి. విజయవాడలోనే ఆ రోజుల్లో కూరగాయల మార్కెట్ చెత్తను, కబేళా వ్యర్థాలను తొట్టిలో కుళ్లబెట్టి గ్యాసు తీసిన చిన్న ప్లాంటు ఉండేది. మన చెత్త తీరుకు సరిపడింది ఆ దారే. ఆనాడు మాత్రం అందరి చూపూ మెగావాట్ల మీదే నిలిచింది.

జవహర్‌నగర్

ఒకప్పుడు జంట నగరాల చెత్త ఆటోనగర్, గంధంగూడ, మామిడిపల్లి వంటి చోట్లకు పోయేది. అవి నిండి, చుట్టూ కాలనీలు వచ్చి, గొడవలు పెరగడంతో 2000 దశకం మొదటి నుంచి భారమంతా ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్ మీద పడింది. 300 ఎకరాలకు పైబడిన ఆ స్థలంలో ఏళ్ల తరబడి చెత్తను ఊరికే పోసి వదిలేశారు. పోగుపడిన పాత చెత్త సుమారు 1.2 కోట్ల టన్నులు. దాని మురుగు దిగి మల్కారం చెరువు నల్లబడింది. బోర్ల నీళ్లు పాడయ్యాయి. దమ్మాయిగూడ, కాప్రా జనం గాలి మళ్లినప్పుడల్లా తలుపులు వేసుకుని బతికారు. ఈ నష్టాల్లో ఒక్కటీ కార్బన్ క్రెడిట్ లెక్కలోకి రాదు.

హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2009లో రాంకీ సంస్థతో సమగ్ర వ్యర్థ నిర్వహణ ఒప్పందం చేసుకుంది. 2012లో పనులు మొదలయ్యాయి. అప్పటికి క్రెడిట్ల బజారు కూలుతోంది. 2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక యూరో లోపుకు పడిపోయింది. పైగా 2012 తర్వాత నమోదైన ప్రాజెక్టుల్లో అతి వెనకబడిన దేశాల వాటిని తప్ప కొనబోమని ఐరోపా సమాఖ్య నియమం పెట్టింది. జవహర్‌నగర్ పాత గుట్టకు మూత పడింది 2020 అటూ ఇటూగా. ఆ మూతను వేయించింది కార్బన్ బజారు కాదు. స్థానికుల పోరాటం, హరిత ట్రైబ్యునల్ కేసులు, ప్రభుత్వ ఖర్చు కలిసి వేయించాయి. 2020 నవంబరులో అక్కడే 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. కప్పిన గుట్టలోంచి గ్యాసును తీసి, శుద్ధి చేసి, వాహన ఇంధనంగా మార్చే యూనిట్ ఆ తర్వాత వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. క్రెడిట్ డబ్బు లేకపోతే ఈ పని జరిగేదే కాదని చూపిస్తేనే క్రెడిట్ ఇవ్వాలి. డంపులను శాస్త్రీయంగా మూయాలని 2000 నాటి, 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ముందే చెప్పాయి. చట్టం ఉన్నా విస్తృతంగా అమలు కాని చోట ప్రాజెక్టులను అనుమతించవచ్చని సీడీఎం పద్ధతులు ఒప్పుకున్నాయి. అమలు చేయనివారికే అర్హత దక్కే ఈ ఏర్పాటు అన్యాయమే. చెరువు పోగొట్టుకున్న ఊరికి అది మరీ అన్యాయం.

బోయినపల్లి

మోండా నుంచి టోకు వ్యాపారం వెళ్లిన బోయినపల్లి యార్డులోనే మెరుగైన ఉదాహరణ కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ, తయారుచేసిన ఏజీఆర్ (అనెరోబిక్ గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్) పరిజ్ఞానంతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు కట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తుంది. వందకు పైగా వీధి దీపాలు, 170 దుకాణాలు, కార్యాలయ భవనం, నీటి సరఫరా దాని మీద నడిచేలా ఏర్పాటు చేశారు. కొంత గ్యాసు మార్కెట్ క్యాంటీన్ వంటకు పోతుంది. మిగిలిన ద్రవం ఎరువవుతుంది. 2021 జనవరి 31న మన్ కీ బాత్‌లో ప్రధాని దీన్ని ప్రస్తావించారు.

10 టన్నులంటే, పైన చెప్పిన గుణకాలతో, ఏడాదికి మూడు నాలుగు వేల క్రెడిట్లకు సరిపడే మీథేన్ గుట్టకు చేరకుండా ఆగడం. నమోదు, తనిఖీ ఖర్చులకు ఇంత చిన్న ప్లాంటు ఒంటరిగా తట్టుకోవడం కష్టం. నగరంలోని మార్కెట్లన్నిటినీ ఒకే ప్రాజెక్టుగా కట్టగలిగితేనే గిట్టుబాటు. మోండా లాంటి చోట స్థలం ఇరుకు కాబట్టి తడి చెత్తను విడిగా ఎత్తి దగ్గరి ప్లాంటుకు పంపాలి. ఆటోలోకి ఎక్కించే ముందే ప్లాస్టిక్ సంచులు, తాళ్లు వేరు కావాలి. తొట్టిలో అవి పడితే గ్యాసు తగ్గి గొట్టాలు మూసుకుపోతాయి.

కొత్త బజారు

2022లో ఇంధన పొదుపు చట్టానికి చేసిన సవరణ దేశీయ కార్బన్ మార్కెట్‌కు దారి తీసింది. 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై అయింది. స్వచ్ఛందంగా చేరే ప్రాజెక్టులకు 2025లో ఆమోదించిన తొలి పద్ధతుల్లో చెత్తగుట్టల మీథేన్ సేకరణ కూడా ఉంది. జవహర్‌నగర్ పాత గుట్టలోని గ్యాసు మాత్రం ఏటికేడు తగ్గుతూ పోతుంది. నగరం రోజూ పంపే 7,000 టన్నులకు పైబడిన కొత్త చెత్తలో తడి భాగం ఎక్కడికి పోతుందన్న దాన్ని బట్టే ఇకపై పట్టగలిగే మీథేన్ ఎంతన్నది తేలుతుంది.