విభక్తులు పోగొట్టుకున్న ఇంగ్లీషు

మీటింగుకి పిలుస్తూ వచ్చిన మెయిల్లో "లెట్ అజ్ డిస్కస్ అబౌట్ ది డిజైన్" అని ఉంటే పంపినవాడు మనవాడేనని కళ్ళు మూసుకుని చెప్పెయ్యొచ్చు (తమిళ తంబి కూడా అయ్యుండొచ్చు, కాదనను). "కోప్ అప్ విత్", "రిటర్న్ బ్యాక్", "ఆర్డర్ ఫర్ ఎ కాఫీ"... అన్నీ ఆ కుటుంబమే. దీనిమీద జోకులు చాలానే ఉన్నాయి. కానీ ఇది జోకుతో పోయే వ్యవహారం కాదు. ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) బాగా పనిచేసే కుర్రాడొకడికి అప్రైజల్లో "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడాలి" అని రాశారు. ఏం తక్కువైందని అడిగితే మేనేజరు గారు తీసి చూపించినవి ఇలాంటి మూడు మెయిల్సు. కోడులో బగ్గులు చూపించలేదు, అబౌట్‌లు చూపించారు. రేటింగు ఒక మెట్టు దిగింది, ఆ ఏడాది ఆన్‌సైట్ అవకాశం కూడా దాంతోపాటే పోయింది. ఆ కుర్రాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం.

అసలీ ఇంగ్లీషువాళ్ళు ఏ క్రియ పక్కన ఏ ప్రిపొజిషన్ పెట్టాలో ఎలా తేల్చుకున్నారు? ఎవరైనా కూర్చుని తేల్చారా? ఆ పాత కథ చదువుతుంటే నాకు బోలెడంత ఊరట కలిగింది. అది మీతో పంచుకుందామని.

మొదటి సంగతి. ఇంగ్లీషుకి కూడా ఒకప్పుడు మనలాగే విభక్తులుండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామవాచకం చివర ప్రత్యయం మారేది. ఏ క్రియకి ఏ విభక్తి అన్నది క్రియే నిర్ణయించేది. ఉదాహరణకి "థాంక్" అన్న క్రియ ఉంది కదా, అప్పట్లో మనిషిని చతుర్థిలోనూ, ఎందుకు కృతజ్ఞతో ఆ వస్తువుని షష్ఠిలోనూ పెట్టేవారు. మధ్యలో "ఫర్" లేదు, దాని అవసరమూ లేదు. తర్వాత పదాంతాలు నోట్లో నలిగి అరిగిపోయాయి. 12, 13 శతాబ్దాలు వచ్చేసరికి ప్రత్యయాలు చాలా మటుకు ఊడిపోయాయి. మరి పని ఎవరు చెయ్యాలి? అంతకుముందు చిన్నచిన్న పనులు చేసుకునే "ఆఫ్, టు, ఫర్, ఆన్" లాంటి వాటిమీద మొత్తం భారం పడింది. సీనియర్లందరూ ఒకేసారి రాజీనామా చేస్తే ట్రైనీలకి మాడ్యూళ్ళు పంచినట్టు. ఏ మాడ్యూలు ఎవరికి ఎందుకిచ్చారంటే ఆ రోజు ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళకి!

వీటన్నిట్లోకీ నాకు నచ్చిన కథ "విత్"ది. పాత ఇంగ్లీషులో "విత్" అంటే "తో" కాదు. ఎదురుగా, వ్యతిరేకంగా అని ముఖ్యార్థం. "తో" అనే అర్థానికి వేరే మాట ఉండేది, "మిడ్". జర్మన్ వాళ్ళు ఇప్పటికీ వాడే "మిట్" దాని చుట్టమే. "విత్‌స్టాండ్" అంటే కలిసి నిలబడటం కాకుండా ఎదిరించి నిలబడటం ఎందుకయ్యిందో ఇప్పుడు తెలిసింది కదా. మరి ఎదిరించేవాడు తోడుగా ఉండేవాడెలా అయ్యాడు? దారి "ఫైట్ విత్" లాంటి మాటల్లో ఉంది. పోట్లాడాలన్నా ఇద్దరు ఎదురెదురుగా ఒకచోట ఉండాలి, మాట్లాడుకోవాలన్నా అంతే. మనకీ ఇది కొత్తేం కాదు. "వాడితో పోట్లాడాను" అంటే వాడు నాకు శత్రువు, "వాడితో కలిసి పోట్లాడాను" అంటే నా పక్షం. ఆ "తో" రెండు పక్కలా తిరుగుతుంది. ఇంగ్లీషులో విత్ నెమ్మదిగా మిడ్ ఉద్యోగం మొత్తం లాగేసుకుంది. పాపం మిడ్‌కి మిగిలింది ఒక్క "మిడ్‌వైఫ్". ప్రసవమప్పుడు తోడుండే ఆడమనిషి అని. అందులో ఉన్నది మధ్య అనే మిడ్ కాదన్నమాట.

అన్నట్టు, మనవాళ్ళు అప్ తగిలించే "కోప్ విత్" కూడా ఈ బాపతే. ఫ్రెంచిలో దెబ్బ అనే అర్థమున్న మాటనించి వచ్చింది కోప్. దానితో దెబ్బలాటకి దిగడం అని మొదటి అర్థం, తట్టుకోవడం అన్నది తర్వాత వచ్చింది. దానికి అప్ ఎందుకు తగిలిస్తామంటే "కీప్ అప్ విత్", "పుట్ అప్ విత్" పక్కనే ఉన్నాయి కాబట్టి. పోలిక చూసి అచ్చు పోశాం. ఇంగ్లీషు వాళ్ళు వెయ్యేళ్ళుగా చేస్తున్నదీ ఇదే, కాకపోతే వాళ్ళకి అప్రైజల్స్ లేవు :-)

ఇంక "గివ్ అప్", "టేక్ ఆఫ్" లాంటి జంటలు. పాత ఇంగ్లీషులో ఇలాంటి ముక్క ఎక్కువగా క్రియకి ముందు ఉపసర్గలా అతుక్కునేది. "అండర్‌స్టాండ్", "ఓవర్‌కమ్" అప్పటి శిథిలాలే. 865లో డేన్‌ల పెద్ద సైన్యం ఇంగ్లండులో దిగింది, వాళ్ళు ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డారు. వాళ్ళ నార్స్ భాషలో ఈ ముక్కలు క్రియ వెనకాల వచ్చేవి. "టేక్", "గెట్", "కాల్", చివరికి "దే" అనే సర్వనామం కూడా వాళ్ళు ఇచ్చినవే. క్రియ వెనకాల అప్, అవుట్ పెట్టే అలవాటు బలపడటంలో కూడా వాళ్ళ చెయ్యి ఉందని చాలామంది పండితుల అనుమానం. పీటర్‌బరో మఠంలో 1154 దాకా రాస్తూ వచ్చిన చరిత్రలో 1132 సంవత్సరం కింద ఒక మఠాధిపతి చేత రాజు పదవి వదిలించిన సంగతి ఉంది. అక్కడ వాడిన మాట అచ్చంగా మన "గివ్ అప్"!

ఈలోగా 1066లో నార్మన్లు వచ్చారు. ఫ్రెంచి, లాటిన్ క్రియలు బండ్లకొద్దీ దిగాయి. ఇక్కడే మన డిస్కస్ గుట్టు ఉంది. దేశవాళీ క్రియలు "టాక్ అబౌట్", "గో ఇంటు", "గెట్ టు" అని తోకతో నడుస్తాయి. దిగుమతి అయినవి "డిస్కస్", "ఎంటర్", "రీచ్"లో మొదటి రెండూ, "అప్రోచ్" లాంటివీ తోక లేకుండా నేరుగా కర్మని పట్టుకుంటాయి ("రీచ్" మాత్రం దేశవాళీదే, అయినా ఆ గుంపులో చేరింది). అలాగని దాన్నీ సూత్రమనుకునేరు, "డిపెండ్" దిగుమతి సరుకే అయినా "ఆన్" కావాలి. లాటిన్‌లో దాని అర్థం కిందికి వేలాడటం, ఫ్రెంచి వాళ్ళు దానికి "నించి" అనే అర్థమున్న ముక్క వాడతారు. ఇంగ్లీషులో "మీద" అయింది. పైగా "డిస్కషన్ అబౌట్" ఒప్పట, "డిస్కస్ అబౌట్" తప్పట.

ఇప్పుడు మన వైపు చూడండి. బడిలో బట్టీపట్టిన విభక్తులు గుర్తున్నాయా? ని, ను, ల, కూర్చి, గురించి... ద్వితీయా విభక్తి. అంటే మన సంప్రదాయ వ్యాకరణం లెక్కలో "గురించి" కర్మకి వచ్చే విభక్తే! "దాన్ని చర్చిద్దాం" అన్నా "దాని గురించి చర్చిద్దాం" అన్నా ఒకే పెట్టె. ఆ లెక్కన తెలుగు మీడియం కుర్రాడు డిస్కస్ పక్కన అబౌట్ పెట్టాడంటే వాడి బుర్రలో వ్యాకరణం లేక కాదు, ఉండబట్టి.

ఇంగ్లీషు పెద్దలు కూడా తక్కువ తికమక పడలేదు. 1672లో డ్రైడెన్ మహాకవి, అప్పటికే పోయిన బెన్ జాన్సన్ నాటకంలో వాక్యం చివర ప్రిపొజిషన్ ఉందని తప్పుపట్టాడు. లాటిన్‌లో అలా కుదరదు మరి. తన ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో తేల్చుకోడానికి లాటిన్‌లోకి మార్చి చూసుకుంటానని ఆయనే ఒకచోట చెప్పుకున్నాడు. (మనం మనసులో తెలుగు అనుకుని ఇంగ్లీషు రాస్తే మాత్రం నవ్వుతారు.) 1684లో తన పాత వ్యాసాన్ని మళ్ళీ అచ్చువేసినప్పుడు చివరి ప్రిపొజిషన్లని వెతికి మరీ ముందుకి జరిపాడు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ నాకు నచ్చిన మనిషి. ఈ క్రియ-ముక్క జంటలు పరాయివాళ్ళకి బహు కష్టమని పీఠికలోనే ఒప్పుకుని, వాటిని శ్రద్ధగా ఏరి అర్థాలిచ్చాడు. వీటికి "ఫ్రేజల్ వెర్బ్" అనే పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో చలామణీలోకి వచ్చింది.

ఆ తర్వాతే అసలు తమాషా. 1930లో ఆగ్డెన్ అనే ఆయన ప్రపంచమంతా తేలిగ్గా నేర్చుకోడానికని 850 మాటలతో "బేసిక్ ఇంగ్లిష్" తయారుచేశాడు. అందులో క్రియలు పద్దెనిమిదే. మిగతా క్రియల పనంతా గెట్, పుట్, టేక్ లాంటి వాటి పక్కన అప్, డౌన్, ఆఫ్ పెట్టి లాగించెయ్యమన్నాడు. 1943లో చర్చిల్ కూడా దాన్ని వెనకేసుకొచ్చాడు. చూడ్డానికి ఎంత చిన్న లైబ్రరీ! కానీ "పుట్" తెలిసి "అప్" తెలిసి "విత్" తెలిసినంతమాత్రాన "పుట్ అప్ విత్" అంటే భరించడమని ఎవడికి తడుతుంది? లైబ్రరీ సైజు తగ్గించి కాన్ఫిగరేషన్ ఫైలులో లక్ష లైన్లు దాచినట్టుంది.

మన రంగమూ దీనికి తన వంతు చేసింది. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టి నీళ్ళలోకి విసిరే చెక్క పేరు లాగ్. ఆ లెక్కలు రాసే పుస్తకం లాగ్‌బుక్. 1960ల మొదట్లో ఎంఐటీలో నడిచిన సీటీఎస్ఎస్ అనే టైమ్ షేరింగ్ సిస్టమ్ వాడాలంటే "లాగిన్" అని కొట్టాల్సి వచ్చేది. క్రియైతే రెండు ముక్కలుగా రాయాలి, నామవాచకమైతే కలిపి రాయాలి అని స్టైల్ గైడ్లు చెబుతూనే ఉంటాయి, ఇంగ్లీషువాళ్ళే సగంమంది పట్టించుకోరు. మనకి ఆ పేచీ లేదు. బ్యాకప్ తీసుకుంటాం, సెటప్ చేస్తాం, షట్‌డౌన్ కొడతాం. జంట మొత్తాన్ని ఒక మాటగా మింగేసి మన క్రియ తగిలిస్తాం. "సర్వర్లోకి లాగిన్ అయ్యావా?" అని అడిగినప్పుడు అందులో వాళ్ళ "ఇన్"తోపాటు మన "లోకి" కూడా ఉంది. దానిమీద ఇంతవరకూ ఏ మేనేజరూ రేటింగు తగ్గించలేదు.